మధ్యాహ్నం నిద్ర, మామగారి పళ్ళు

మా మామగారి నోరు మూయించడానికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క దారి ఆయన పళ్ళు తీసేసుకోవడం. ఆ సంగతి కనిపెట్టింది నేను. ఆ పళ్ళు చేసిందీ నేనే కాబట్టి ఆ హక్కు కూడా నాకే ఉందనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. చివరికి ఎవరి పగ ఎవరు తీర్చుకున్నారన్నది వేరే సంగతి.

నా పని కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి డబ్బాల్లో పెట్టి పంపిస్తారు. మా ఇంటి వెనక గదిలో కూర్చుని నేను మైనంతో చిగుళ్ళు దిద్దుతాను, వాటి మీద పళ్ళు ఒక్కొక్కటే నిలబెడతాను, గ్రైండరుతో అరగదీసి పాలిష్ పెడతాను. నా భార్య సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామునే డ్యూటీ ఎక్కాలి. మాకు ఒక్కడే కొడుకు, ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఇంట్లో అందరం వాణ్ణి బుడంకాయ అంటాం. అత్తగారు పోయాక మామగారు అద్దె ఇల్లు ఖాళీ చేసి, రెండు పెట్టెలతో మా ఇంటికి వచ్చేశారు.

మామగారు జీవితమంతా పాత సామాన్ల వేలంపాటలు పాడిన మనిషి. పెద్ద రేకుల షెడ్డులో బీరువాలు, గోడ గడియారాలు, విరిగిన మంచాలు వరసగా పెట్టుకుని, మైకు లేకుండానే చివరి వరసలో కునికిపాట్లు పడేవాడిచేత కూడా పాట పాడించేవారట. మైకులు వచ్చాక కూడా ఆ గొంతు తగ్గించుకోలేదు. రిటైరైన రోజు కంపెనీవాళ్ళు ఆయన వాడిన చెక్క సుత్తినే ఆయనకి బహుమతిగా ఇచ్చి పంపారు. మా ఇంట్లో ఆయన ఆ సుత్తి చేత్తో కొట్టింది తక్కువ, నోటితో కొట్టింది ఎక్కువ.

ఇక బుడంకాయ సంగతి. వాడికి నిద్ర లేదు. పగలు పడుకోడు, పడుకోకపోవడం వల్ల సాయంత్రానికి మనిషి మనిషిలా ఉండడు. కళ్ళు నలుపుకుంటూనే పరిగెడతాడు, పరిగెడుతూ గోడకి గుద్దుకుంటాడు, గుద్దుకుని నవ్వుతాడు, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోతుంది. ఇచ్చిన గ్లాసు విసిరేస్తాడు, విసిరేసిన గ్లాసు కావాలంటాడు. ఎత్తుకుంటే దించమని, దించితే ఎత్తుకోమని గోల. అంత అలిసిపోయినవాడు రాత్రయినా ఒళ్ళెరగకుండా పడుకోవాలా? పడుకోడు. ఉలిక్కిపడి లేచి అమ్మ కావాలని ఏడుస్తాడు. నేను ఎత్తుకుంటే నా చెవులు పట్టి పీకుతాడు. వాళ్ళమ్మ లేవాల్సిందే.

ఆ లేవడం అక్కడితో అయిపోతే బాగుండేది. తెల్లారకముందే బస్సెక్కే మనిషికి కంటి మీద కునుకు లేకపోతే ఏమవుతుందో అదే అయింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నా భార్యకి కన్ను మూతపడింది. వెనకవాళ్ళు హారన్లు కొడితే ఉలిక్కిపడి బండి ముందుకి లాగింది, పక్క అద్దం కరెంటు స్తంభానికి రాసుకుని ముక్కలైంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డిపో మేనేజరు మాత్రం ఆమెని రూటు నుంచి తప్పించి షెడ్డులో వేశాడు. కడగడానికి వచ్చిన బస్సుల్ని ఈ మూల నుంచి ఆ మూలకి జరపడం ఆమె పని. కొన్ని వారాల తర్వాత టెస్టు పెడతామని, అందులో నెగ్గితే మళ్ళీ రూటని, లేకపోతే ఇక ఎప్పటికీ షెడ్డేనని చెప్పాడు. నా భార్యకి స్టీరింగంటే ప్రాణం. షెడ్డు నుంచి ఇంటికొచ్చి, ఒక చెప్పు విప్పి, రెండోది విప్పడం మర్చిపోయి అలాగే కూర్చునేది.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె మాట విని మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం. వాడు రాత్రి పడుకోనిది నిద్ర ఎక్కువై కాదట, తక్కువై. బాగా అలిసిపోయిన పిల్లాడికి నిద్ర పట్టదట. రోజూ ఒకే వేళకి, ఒకే గదిలో, ఒకే వరసలో పడుకోబెట్టాలి. భోజనం పెట్టి, ముఖం కడిగి, పరదాలు వేసి, ఒకే ఒక్క జోలపాట పాడి, పడుకోబెట్టి బయటికి వచ్చేయాలి. ఒక్కరోజు కూడా తప్పకూడదు. మధ్యలో ఎవరూ లేపకూడదు. పగటి నిద్ర కుదిరితే రాత్రి నిద్ర దానంతటదే కుదురుతుందని ఆమె చెప్పింది.

మామగారికి ఇది బొత్తిగా ఎక్కలేదు. పగలు పడుకున్నవాడు రాత్రి ఎందుకు పడుకుంటాడని ఆయన లెక్క. తన కూతురు వేలంపాటల షెడ్డులో, అమ్ముడుపోని సోఫాల మీద, సుత్తి చప్పుళ్ళ మధ్య నిద్రపోయిందని, ఈ పరదాలూ వరసలూ అప్పుడెవరికీ తెలియవని రోజూ చెప్పేవారు. చెప్పేది ఎప్పుడంటారా? సరిగ్గా నేను వాణ్ణి పడుకోబెట్టి, పిల్లిలా అడుగులేసుకుంటూ తలుపు దగ్గరికి వేసే వేళకి. అప్పుడే ఆయనకి పాత స్నేహితులు గుర్తొచ్చేవారు. ముందు గదిలో ఫోను పట్టుకుని, ఎప్పుడో అమ్మిన టేకు బీరువాని మళ్ళీ మొదటినుంచీ అమ్మేవారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి, చివర బల్ల మీద దడేల్‌మని సుత్తి. లోపల బుడంకాయ కెవ్వుమనేవాడు.

నేను మెల్లగా చెప్పాను. దండం పెట్టి చెప్పాను. ఆయన, "నేను మెల్లగానే మాట్లాడుతున్నాను కదయ్యా," అనేవారు, వీధి చివర నడిచేవాడు తిరిగి చూసేంత మెల్లగా. కూతురు అడిగితే సరేనమ్మా అని తలూపేవారు. మర్నాడు ఆమె షెడ్డుకి వెళ్ళగానే మళ్ళీ అదే బీరువా. గోడకి చెప్పుకున్నా గోడ కాస్త సిగ్గుపడేదేమో.

ఇంతవరకూ నేను పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. నా పగ మొదలైంది మాత్రం ఒక మాటతో. నాకు ఎక్కువ పని ఇచ్చే డాక్టరు దగ్గరి కాంపౌండరు ఒక మధ్యాహ్నం అచ్చులు తీసుకుని వచ్చాడు. అప్పుడే నిద్ర చెడిన బుడంకాయ నా భుజం మీద గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మామగారు కుర్చీలో వెనక్కి వాలి, వేలంపాటల షెడ్డు గొంతుతో అన్నారు: "మా అల్లుడు ఊరందరి పళ్ళనీ గ్లాసులో పడుకోబెడతాడు. కన్నకొడుకుని మాత్రం మంచంలో పడుకోబెట్టలేడు." కాంపౌండరు పడీపడీ నవ్వాడు. ఆ మాట అదే రోజు డాక్టరు చెవిన పడింది, అక్కణ్ణుంచి మిగతా డాక్టర్లందరికీ చేరింది. మర్నాటి నుంచి ఫోను చేసిన ప్రతివాడూ పళ్ళు పడుకున్నాయా అని అడగడమే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నోరు మూయించకపోతే నేను మనిషినే కాదనుకున్నాను.

మామగారికి ఒక బలహీనత ఉంది. పళ్ళు లేకుండా ఆయన ఎవరి ముందూ నోరు తెరవరు. పొద్దున్న పళ్ళు కడుక్కోవడానికి కూడా స్నానాల గది తలుపు గడియ పెట్టుకుంటారు. వేలం వేసేవాడికి ముఖమే సగం పెట్టుబడి అంటారు. కింది సెట్టు కొంచెం వదులైందని ఆయన అంతకుముందు ఒకటి రెండుసార్లు గొణిగారు. ఆ గొణుగుడు నాకు ఇప్పుడు పనికొచ్చింది.

మర్నాడు భోజనం కాగానే వినయంగా ఆయన ముందు నిలబడ్డాను. "మావయ్యా, ఆ సెట్టు ఇలా ఇవ్వండి, సరిచేస్తాను. టీ వేళకి ఇచ్చేస్తాను," అన్నాను. ఆయన ముచ్చటపడిపోయారు. అల్లుడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నారేమో, పైసెట్టు కూడా ఇచ్చేశారు. వెంటనే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఆ పళ్ళని ఒక గిన్నెలో నీళ్ళు పోసి నా బల్ల మీద పెట్టాను. బుడంకాయకి ముఖం కడిగాను, పరదాలు వేశాను, పాట పాడాను, పడుకోబెట్టాను, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఫోను లేదు, బీరువా లేదు, సుత్తి లేదు. వాడు పడుకున్నాడు. లేపేదాకా లేవనంత నిద్రపోయాడు. నేను గిన్నెలోకి వంగి, "ఇప్పుడు పాడండి చూద్దాం," అని ఆ పళ్ళతో అన్నాను. నాకు పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు.

ఆ రోజు నిజంగా నేను సెట్టుని తాకనేలేదు. కానీ మర్నాడు కూడా ఒక వంక కావాలి కదా? అందుకని తిరిగిచ్చే ముందు లోపలివైపు ఒకచోట గ్రైండరు ఇలా తాకించి అలా తీశాను. పొద్దుటికి అది చిగురు మీద గుచ్చుకోవడం మొదలైంది. మధ్యాహ్నం ఆయనే తెచ్చిచ్చారు. గుచ్చుకున్న చోట నున్నగా చేసి, ఇంకోచోట వెంట్రుకవాసి గరుకు వదిలాను. ఆ మర్నాడు అదీ అయింది. మంచి సెట్టు చేయడానికి చేతిలో పనితనం ఉండాలి. రోజుకొకచోట, ఒక్కరోజుకి సరిపడా, పుండు పడకుండా గుచ్చుకునే సెట్టు చేయడానికి అంతకంటే మంచి చెయ్యి ఉండాలి. నా పనితనం మీద నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

దాంతో మా ఇంట్లో మధ్యాహ్నాలు ఒక గాడిలో పడ్డాయి. భోజనం, మామగారి పళ్ళు గిన్నెలోకి, పిల్లాడి ముఖం కడగడం, పరదాలు, పాట, నిద్ర. తలుపు వేసి వచ్చి నేను గ్రైండరు పెట్టుకునేవాణ్ణి. పడుకున్నాక తొంగి చూడొద్దని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి చూసేవాణ్ణి కాదు. ముందు గది ఖాళీగా ఉండేది. మామగారు లోపలెక్కడో తువ్వాలు కప్పుకుని పడుకున్నారని అనుకునేవాణ్ణి. వాడు లేచే వేళకి ఆయన తువ్వాలుతో నా గుమ్మంలో నిలబడి చెయ్యి చాపేవారు. ఊరిని ఉర్రూతలూపిన మనిషి నా ముందు కుక్కిన పేనులా నిలబడి తన పళ్ళు తను అడుక్కోవడం! తువ్వాలు చాటున ఆ ముఖం చూస్తుంటే నా లోపల మంట మీద చల్లగా నీళ్ళు పోసినట్టుండేది. కావాలనే ఒక నిమిషం ఆగి, పళ్ళని మరోసారి తుడిచి, వెలుతురులో తిప్పి చూసి అప్పుడిచ్చేవాణ్ణి.

బుడంకాయ మారిపోయాడు. సాయంత్రాలు గోడలకి గుద్దుకోవడం మానేశాడు. రాత్రిళ్ళు తెల్లారేదాకా పడుకున్నాడు. నా భార్య కళ్ళ కింద నలుపు పోయింది. షెడ్డులో బస్సులు జరుపుతూ మళ్ళీ పాటలు పాడుకుంటోందట. ఆమె నన్ను మెచ్చుకుంది. నేను ఆగానా? ఎదురింటివాళ్ళకి, అచ్చులు తెచ్చే మనుషులకి, ఫోను చేసిన ప్రతి డాక్టరుకీ పిల్లల్ని ఎలా పడుకోబెట్టాలో పాఠాలు చెప్పాను. అంతా వరసలో ఉంది, వరస తప్పకూడదు, నిశ్శబ్దం ముఖ్యం అనేవాణ్ణి. పళ్ళు పడుకున్నాయా అని అడిగినవాళ్ళే ఇప్పుడు తమ మనవల్ని ఎలా పడుకోబెట్టాలని నన్ను అడిగారు.

నాన్న ఈ మధ్య మాట్లాడటం తగ్గించాడేమిటని ఒకరోజు నా భార్య అడిగింది. వయసు మీద పడుతోంది కదా అన్నాను, మైనం దిద్దుతూ.

టెస్టు రోజు దగ్గరికొచ్చింది. దాని ముందురోజు విశ్రాంతి తీసుకోమని ఆమెకి సెలవిచ్చారు. అందరం కలిసి భోంచేశాం. తినడం కాగానే నేను అలవాటుగా మామగారి వైపు చెయ్యి చాపాను. నా భార్య చూసింది.

"ఇన్ని రోజులనుంచీ చేస్తున్నావు, ఒక్క సెట్టు కుదరలేదా? ఇవాళొక్కరోజు వదిలెయ్. నాన్న నాతో నాలుగు మాటలు మాట్లాడతాడు," అంది.

 చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మామగారు మాత్రం బాబు లేచేదాకా పెదవి విప్పనని కూతురికి మాటిచ్చారు. అన్నట్టే ముందు గదిలో కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నారు. ఫోను జోలికి పోలేదు. సుత్తి అలమరలో ఉంది. ఇంకేం కావాలి? నా వరస నాకుంది అనుకున్నాను.

ముఖం కడిగాను. పరదాలు వేశాను. పాట పాడాను. పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. బయట నా భార్య నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే లోపల ఏడుపు.

మళ్ళీ లోపలికి వెళ్ళాను. బుడంకాయ మంచం కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పడుకోబెట్టాను, లేచాడు. పాట మళ్ళీ పాడాను, నా నోటి మీద చెయ్యి పెట్టి ఆపేశాడు. ఎత్తుకుంటే నా నోట్లో వేళ్ళు పెట్టి, నా పళ్ళు ఒక్కొక్కటీ తడిమి, ఏదో పోగొట్టుకున్నవాడిలా ఇంకా గట్టిగా ఏడ్చాడు. నాకేం అర్థం కాలేదు. వాళ్ళమ్మ వచ్చింది. ఆమె నోట్లోనూ వేళ్ళు పెట్టి చూశాడు, ఆమె మీదా అలిగాడు. కళ్ళు నలుపుకోవడం మొదలైంది. మంచంలోనుంచి దూకి పరిగెత్తాడు, తలుపుకి గుద్దుకున్నాడు, నవ్వాడు, ఏడ్చాడు. పాత రోజులు ఒక్క మధ్యాహ్నంలో తిరిగొచ్చేశాయి. పరదా సందులో ఎండ వంగిపోతోంది. ఇప్పుడు పడుకోకపోతే రాత్రంతా జాగారమే. తెల్లారితే టెస్టు. నా భార్య గోడకి ఆనుకుని కూర్చుని, స్టీరింగు పట్టే రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. ఆ చేతుల్ని చూస్తే నాకు భయం వేసింది.

అప్పుడు గుమ్మంలోకి మామగారు వచ్చారు. కాసేపు వాణ్ణి చూశారు, తర్వాత నన్ను చూశారు. తువ్వాలు లేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ముందు పైసెట్టు, తర్వాత కిందిసెట్టు తీసి, కూతురు చూస్తుండగానే నా అరచేతిలో పెట్టారు. రెండూ ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"పట్టుకో అల్లుడూ. రోజూ వీటిని తీసుకుంటేనే కదా వాడు పడుకునేది," అన్నారు. పళ్ళు లేని ఆ మాట గాలిలా వచ్చింది గానీ ప్రతి ముక్కా నాకు వినబడింది.

ఆయన మంచం పక్కన చాప మీద ఒత్తిగిలి పడుకున్నారు. బుడంకాయ ఏడుపు ఆపి, ఆయన పక్కన చేరి, ఒక వేలు ఆయన నోట్లో పెట్టి బోసి చిగురు తడిమాడు. వాడు వెతుకుతున్నది అదే. దొరికింది కాబోలు, ఒళ్ళంతా వదులు చేసి వాలిపోయాడు. మామగారు వేలంపాట మొదలుపెట్టారు. షెడ్డు గొంతు కాదు, మరుగుతున్న నీళ్ళలాంటి చిన్న గొంతు. ముందు తలగడ పాటకి పెట్టారు. బహు మెత్తనిది, ఒకే ఒక్క బుడంకాయ వాడినది, పాడుకోండి బాబూ పాడుకోండి. ఒకటోహారి. రెండోహారి. ఆగి, దాన్ని అమ్మకుండా పక్కన పెట్టి పరదా ఎత్తుకున్నారు. ఒకటోహారి. రెండోహారి. తర్వాత బుడంకాయ చెప్పులు. దేనికీ మూడోసారి రాలేదు. మూడోసారి అంటే సరుకు అమ్ముడుపోతుంది, పాట అయిపోతుంది, జనం లేచి వెళ్ళిపోతారు. రెండో చెప్పు దగ్గర వాడి వేలు ఆయన నోట్లోంచి జారిపోయింది. వాడు పడుకున్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. పళ్ళు లేని ముఖం ఎవరికీ కనబడకుండా దాచుకోవడానికి ఈ ఇంట్లో చీకటి గది ఒక్కటే ఉంది. పరదాలు వేసి ఆ చీకటి చేసిందీ నేనే. నేను పాట పాడి తలుపేసి వెళ్ళి గ్రైండరు పెట్టుకోగానే ఆయన ఆ గదిలోకి వచ్చి దాక్కునేవారు. నేను ఊరందరికీ పాఠాలు చెప్పిన నిద్ర నా పాటతో వచ్చింది కాదు, నా నిశ్శబ్దంతో వచ్చిందీ కాదు. నా శత్రువు బోసినోటితో వచ్చింది.

నా భార్య నా చేతిలో పళ్ళు తీసుకుంది. కింది సెట్టు లోపలివైపు బొటనవేలితో రాసి చూసింది. పంచర్లు వెతికే చెయ్యి అది, దానికి గరుకు దొరక్కుండా పోదు. ఒకచోట ఆగింది. తలెత్తి నన్ను చూసింది.

"టెస్టు అయ్యాక మాట్లాడుకుందాం," అంది.

ఆ రాత్రి బుడంకాయ కదల్లేదు. మర్నాడు ఆమె టెస్టులో నెగ్గింది, పాత రూటే తిరిగిచ్చారు. ఇంటికొచ్చి నాతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను చెప్పను.

మామగారు మాత్రం ఆ విషయం ఎత్తలేదు. తిట్టలేదు, అరవలేదు. ఆ రోజు నుంచి పళ్ళు పెట్టుకోవడం మానేశారు, అంతే. మనవడి పక్కన ఇన్ని మధ్యాహ్నాలు పడుకుని ఆయనకి బోసినోటి సిగ్గు పోయింది. సిగ్గు పోయిన వేలంపాటవాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు అనుభవమైంది. పొద్దున్నే ముందు గదిలో, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుంటారు. అచ్చులు తెచ్చే ప్రతి మనిషికీ లేచి ఎదురెళ్ళి, చెవుల దాకా నోరు తెరిచి నవ్వుతారు. "రండి రండి, ఊరందరికీ పళ్ళు చేసే ఇల్లు ఇదే," అంటారు. నోట్లో ఒక్క పన్ను లేదు. మొదటిరోజే కాంపౌండరు ఆయన చిగుళ్ళకేసి, నాకేసి మార్చి మార్చి చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. డాక్టరు ఆ సాయంత్రమే ఫోను చేసి, ఇంట్లో మనిషికే సెట్టు కుదరలేదటగా అని అడిగాడు. మిగతా డాక్టర్లు అడగను కూడా అడగలేదు, డబ్బాలు పంపడం తగ్గించారు.

పెట్టుకోండి మావయ్యా అని బతిమాలాను. రిపేరు పూర్తి కానివ్వు అన్నారు. కూతురితో చెప్పించబోయాను. ఆమె టీ తాగుతూ కిటికీలోంచి రోడ్డు చూసింది. కోపం వచ్చి అరుద్దామనుకున్నాను. అరిస్తే మధ్యాహ్నం ఆయన ఆ గదిలోకి వెళ్ళడం మానేస్తారు. వెళ్ళడం మానేస్తే బుడంకాయకి నిద్ర లేదు, వాళ్ళమ్మకి నిద్ర లేదు, బస్సు లేదు. పగ తీర్చుకోవడం నాకొక్కడికే తెలుసనుకున్నాను. నేను రోజుకొకచోట గుచ్చితే ఆయన ఒకేచోట రోజూ గుచ్చుతున్నారు. పనితనం అంటే అదీ.

చివరికి కొత్త సెట్టు చేశాను. నా చేతుల్లో ఇంతవరకూ అంత మంచి సెట్టు రాలేదు. ఎక్కడా గరుకు లేదు, ఎక్కడా వదులు లేదు, పెట్టుకుంటే ఆయన పళ్ళు ఆయనకి మొలిచాయనుకోవాలి. గుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను. అచ్చులు తెచ్చిన కాంపౌండరు కూడా అక్కడే ఉన్నాడు. మామగారు సెట్టు చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి తిప్పి, నేను రోజూ చూసినంత సేపూ చూశారు. అలమరలోంచి సుత్తి తీశారు.

"ఒకటోహారి," అన్నారు. సెట్టు పళ్ళెంలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు, మనవడి నిద్రవేళ అయిందని.

మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళాను. "రెండోహారి," అన్నారు.

ఆ తర్వాత నుంచి రోజూ పొద్దున్నే ఆ పళ్ళెం తుడిచి ఆయన ముందు పెడుతున్నాను. ఆయన చూస్తారు, బోసినోటితో నవ్వుతారు, సుత్తి చేతిలోకి తీసుకుంటారు, ఒళ్ళో పెట్టుకుంటారు. మూడోసారి ఇంకా అనలేదు.